వృద్ధాశ్రమం చాపెల్‌కు రంగుటద్దాల కిటికీలు: ముందు వాళ్ల కుర్చీలో కూర్చోండి

దేవరకొండ దగ్గరున్న మీ వృద్ధాశ్రమం చాపెల్‌లో (చిన్న ప్రార్థన మందిరంలో) కిటికీలకు రంగుటద్దాలు పెట్టించాలనుకుంటున్నామని, ఏ బొమ్మలు బాగుంటాయో, పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చర్చిలకు నేను ఈ పని చేస్తాను. వాటిలో ముసలివాళ్లుండే ఆశ్రమాల చాపెళ్లు కూడా ఉన్నాయి. బొమ్మ సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్రార్థనకు వాళ్లు ఎక్కడ కూర్చుంటారో, వీల్‌చైర్లు ఎక్కడ ఆగుతాయో అక్కడ మీరూ కుర్చీ వేసుకుని ఒక పూటంతా కూర్చోండి. అక్కణ్ణుంచి మెడ ఎత్తకుండా కంటికి ఆనేదే మీ కిటికీ. ఆ పైన ఎంత అందంగా గీసినా నడుము వంగిన మనిషికి అది లేనట్టే.

రంగుల ఎంపికలో చాలామంది చూడని విషయం ఒకటుంది. వయసు పైబడేకొద్దీ కంటిలోని కటకం పసుపెక్కుతుంది. నీలం, ఊదా వెలుగును సరిగా లోపలికి రానివ్వదు. మనకు నిండుగా మెరిసే ముదురు నీలం వాళ్లకు నల్లటి మచ్చలా ఉంటుంది. నేను గీత మొదలుపెట్టకముందే అద్దం ముక్కలు తీసుకెళ్లి, ఎండ పడే కిటికీకి ఆనించి ఒక్కొక్కరినీ అడుగుతాను. ఒక ఆశ్రమంలో ఓ అవ్వ, "గా నీలపుది నాకు నల్లగనే కొడుతున్నది బిడ్డా, గీ పసుపుది మంచిగ అవుపడుతున్నది" అన్నది. అందుకే పసుపు, తేనె రంగు, లేతాకుపచ్చ, ఎరుపు ఎక్కువ వాడండి. నీలం కావాలంటే లేతది తీసుకోండి. ముదురు ముక్క పక్కన లేత ముక్క వస్తే ఆకారం విడిగా తెలుస్తుంది. శుక్లాలున్నవాళ్లకు తెల్లటి మెరుపు కళ్లలో గుచ్చుకుంటుంది కాబట్టి రంగుల మధ్య పెద్ద సాదా అద్దం వదలొద్దు.

రెండోది నేల. ఎండ పడితే రంగుటద్దం నేల మీద రంగుల మరకలు పరుస్తుంది. మనకు అది అందమే. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం నేల మీది ముదురు మచ్చ గుంటలాగో మెట్టులాగో కనిపించి, అడుగు వేయడానికి జంకుతారు, తడబడతారు. నల్లగొండ ఉండేది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, దక్షిణపు కిటికీలోంచి ఎండ నేరుగా రాదు. డిసెంబరులో అదే కిటికీలోంచి ఎండ గదిలోకి చొరబడుతుంది. తూర్పు, పడమర కిటికీల్లోంచి పొద్దున, సాయంత్రం ఏటవాలుగా చాలా దూరం వస్తుంది. ఏ పొద్దుకు ఎండ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో నేల మీద గీసి చూడండి. నడిచే దారిలో పడేట్టయితే ఆ కిటికీ కింది భాగానికి పాలలా తెల్లగా, ఆరపార కనిపించకుండా ఉండే పాలగాజు పెట్టించండి. అది వెలుగును చెదరగొడుతుంది, మరక అంచు కరిగిపోతుంది. నన్నడిగితే ఉత్తరపు కిటికీకే మంచి బొమ్మ ఇవ్వాలి. నడి ఎండాకాలపు పొద్దున, సాయంత్రం తప్పిస్తే అక్కడ రోజంతా ఒకే తీరు వెలుగు.

చాలామంది మెదక్ చర్చి ఫోటో చూపించి "ఇట్లనే కావాలి" అంటారు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం కిటికీలు అవి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. కానీ అవి మహా ఆలయంలో, ఎత్తున, దూరం నుంచి చూడడానికి చేసినవి. మీ గదిలో మనిషికీ కిటికీకీ మధ్య పది పన్నెండు అడుగులుంటాయేమో. అన్ని ముఖాలు, అన్ని మడతలు అక్కడ ఇమడవు. ఇంకొకటి, పొద్దు గుంకితే మెదక్ కిటికీలైనా లోపలి నుంచి కనిపించవు. మీ దగ్గర సాయంత్రం ప్రార్థన ఉంటే బయట సజ్జ కింద ఒక లైటు పెట్టించండి.

ఇక బొమ్మ. ముసలివాళ్ల చాపెల్‌కు లూకా సువార్త రెండో అధ్యాయంలోని ఘట్టాన్ని మించింది నాకు తోచదు. పసివాడైన యేసును చేతుల్లోకి ఎత్తుకున్న సుమెయోను, దేవాలయం విడిచి వెళ్లని అన్న ప్రవక్త్రి. సువార్తలో ఆమె 84 ఏళ్ల విధవరాలు. పండుటాకుల వంటి చేతుల్లో పసిబిడ్డ. ఆ కిటికీ ముందు కూర్చునేవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. గాయాలు, నెత్తురు ఉండే ఘట్టాలు మంచం పట్టినవాళ్ల ఎదురుగా నేను పెట్టను.

మీ సంఘం పద్ధతి కూడా కనుక్కోండి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకు పునీతుల బొమ్మలు ప్రాణం. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు బొమ్మలు కోరవు. అలాంటి ఒక చాపెల్‌కు నేను అక్కడి పేరుమోసిన మర్రిచెట్టు పిల్లలమర్రిని గీశాను. రంగుటద్దంలో ముక్కల్ని కలిపే సీసపు పట్టీ నల్లటి గీతగా కనిపిస్తుంది. గీసేవాడు దాన్ని దాచడానికి తంటాలు పడకూడదు, దాంతోనే గీయాలి. మర్రి ఊడలన్నీ సీసపు పట్టీలే అయ్యాయి. కొమ్మల నుంచి దిగిన ఊడలే మానులై మళ్లీ చెట్టును మోస్తాయని చూసినవాళ్లే చెప్పుకున్నారు. అంచులకు తంగేడు పూలు, మోదుగుపూలు, మీ నల్లగొండ బత్తాయిలు పెట్టొచ్చు. వాళ్ల చిన్నప్పటి పొలంగట్టు మీదివే కదా అవన్నీ. క్రైస్తవులు కానివాళ్లు ఉన్నా ఆ కిటికీ వాళ్లది కూడా అవుతుంది.

పనితనం సంగతి క్లుప్తంగా. గాజు రంగుతో గీసి, సుమారు 600 డిగ్రీలకు పైన కొలిమిలో కాల్చినదే నిలుస్తుంది. అద్దం మీద అంటించే స్టిక్కర్ మన ఎండకు వెలిసిపోతుంది. డబ్బు తక్కువైతే ఒక్క కిటికీకే నిజమైన పని చేయించండి. పెద్ద కిటికీని చిన్న పలకలుగా విడగొట్టి, అడ్డంగా ఇనుప కడ్డీలు ఇవ్వాలి. లేకపోతే బరువుకూ ఎండకూ సీసం ఉబ్బి వంగుతుంది. కోతుల కోసం బయట గ్రిల్లు ఎలాగూ తప్పదు. దాని కడ్డీలు సీసపు గీతల వెనకే వచ్చేలా కొలిపించండి. రక్షణకు బయట టఫెన్డ్ గ్లాస్ (సులువుగా పగలని గట్టి గాజు) పెడితే పైనా కిందా గాలికి సందు వదలాలి. కిటికీ మొత్తం మూసేస్తే మే నెలలో లోపల కూర్చోలేరు. రంగుటద్దం కూర్చున్నవాళ్ల కంటికి ఆనే భాగానికే పెట్టి, దాని కిందో పైనో తెరుచుకునే రెక్కలు ఉంచండి.

పని ఒప్పుకునేటప్పుడే పూర్తి సైజు గీత కాగితం, ప్రతి రంగులో మిగిలిన అద్దం ముక్కలు ఆశ్రమానికే ఇవ్వాలని రాయించుకోండి. తర్వాత ఒక ముక్క పగిలితే అదే రంగు మళ్లీ దొరకడం కష్టం.