ఎనిమిది విమానాలు, ఒక్క గడ్డి రన్‌వే: ముందు గ్యాప్ లెక్క వేయండి

ప్రశ్న ఇది: ఎనిమిది చిన్న విమానాలు కలిసి 700 మీటర్ల గడ్డి స్ట్రిప్‌కి వెళ్లాలనుకుంటున్నాయి. రన్‌వే వాలుగా ఉంటుంది, ఎగువ చివర చెట్లున్నాయి. వాలు ఎక్కే దిశలోనే దిగాలి, జారే దిశలోనే ఎగరాలి. ఏ ల్యాండింగ్ టెక్నిక్ ప్రాక్టీస్ చేయాలి?

టెక్నిక్ సంగతి తర్వాత. ఇలాంటి చోట ఒక్క విమానంతో హాయిగా దిగే పైలట్లు కూడా గుంపులో ఇబ్బంది పడతారు. విమానానికీ విమానానికీ మధ్య ఎంత సమయం ఉండాలో ఎవరూ లెక్క వేయకపోవడమే దానికి కారణం. "నిమిషం గ్యాప్ చాలు" అనేస్తారు. చాలదు.

మూడో విమానం ఫైనల్లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగివచ్చే ఆఖరి దారిలో, ఉందనుకోండి. వేగం తగ్గించే రెక్కల పలకలు (ఫ్లాప్స్) పూర్తిగా దించి ఉన్నాయి, వేగం 61 నాట్లు. ముందు దిగిన రెండోది ఎగువ చివరికి చేరి, పార్కింగ్ వైపు తిరగబోతూ నీళ్లు నిలిచిన మెత్తటి చోట ముందు చక్రం దిగబడి ఆగిపోయింది. దాని పైలట్ పవర్ పెంచుతున్నాడు. పెంచేకొద్దీ ముక్కు వంగి ప్రొపెల్లర్ కొసలు గడ్డికి దగ్గరవుతున్నాయి. కళ్లన్నీ అక్కడే, రేడియో ఎత్తే తీరిక లేదు. పైనుంచి వస్తున్నవాడికి అది కదులుతోందో ఆగిందో తెలీదు, ఎందుకంటే తనకు ఎదురుగా వాలు ఎక్కిపోయే విమానమూ ఆగిన విమానమూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. 61 నాట్లంటే సెకనుకి 31 మీటర్లు. విషయం అర్థమయ్యే ఆరు సెకన్లలో దాదాపు 190 మీటర్లు కరిగిపోతాయి. ఇలాంటి స్ట్రిప్‌కి "ఇక దిగాల్సిందే" అనే పాయింట్ ఒకటుంటుంది. అది దాటాక గో-అరౌండ్ చేస్తే, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేస్తే, ఎదురుగా లేస్తున్న నేలనీ చెట్లనీ మీ విమానం దాటలేదు. ఆ పాయింట్ దాటాక ఈ సంగతి తెలిస్తే మూడో పైలట్‌కి మంచి దారి అంటూ మిగలదు.

అందుకే నియమం ఒక్కటే పెట్టుకోండి: ఆ పాయింట్‌కి వచ్చేసరికి ముందు విమానం రన్‌వే నుంచి పూర్తిగా బయటికి వెళ్లి ఉండాలి, "రన్‌వే ఖాళీ" అని రేడియోలో వినిపించి ఉండాలి. వినిపించకపోతే పాయింట్‌కి ముందే గో-అరౌండ్, చర్చ లేదు. గడ్డి మీద నెమ్మదిగా టాక్సీ చేసి తప్పుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి నాలుగు నిమిషాల గ్యాప్ పెట్టండి. ఎనిమిది విమానాలకి ఏడు గ్యాప్‌లు, మొత్తం 28 నిమిషాలు. చివరివాడి ఇంధనంలో ఈ అరగంట, పక్క ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లేంత, ఆపైన రిజర్వ్, మూడూ విడివిడిగా లెక్కలో ఉండాలి.

వేగంగా పోయేవాటిని ముందు పంపండి. 40 నాటికల్ మైళ్ల దారిలో 110 నాట్ల విమానానికి 22 నిమిషాలు పడితే 85 నాట్లదానికి 28 పడుతుంది. నెమ్మది విమానాన్ని ముందు పంపి నాలుగు నిమిషాల తర్వాత వేగమైనదాన్ని వదిలితే, అది దారిలోనే దాన్ని దాటేసి రెండు నిమిషాలు ముందే స్ట్రిప్ మీదికి వస్తుంది. ఎవరు ఎక్కడున్నారో అక్కడే తెలియకుండా పోతుంది. ఆ స్ట్రిప్ బాగా తెలిసిన మనిషిని ముందురోజే కార్లో పంపి, చేతి రేడియోతో రన్‌వే పక్కన నిలబెట్టడం ఇంకా మేలు.

రేడియోలో కబుర్లు మాత్రం దయచేసి ఆపండి. "వచ్చేశామండీ, భలే ఉంది" అనే మాట వెనక ఒక గో-అరౌండ్ కాల్ మునిగిపోతుంది. ఏ గుర్తుకి ఎంత దూరం, ఎంత ఎత్తు, వరుసలో ఎన్నోవాడు, అంతే చెప్పండి. వీడియో కోసం స్ట్రిప్ మీదుగా తక్కువ ఎత్తులో దూసుకెళ్లే సరదా కూడా గుంపు రోజున వద్దు. ఒక్కడి సరదా వెనకున్న అందరి వరుసనీ చెరుపుతుంది.

ఇప్పుడు దూరం. సెస్నా 172 తరహా విమానానికి సముద్రమట్టం దగ్గర, గాలి లేకుండా, 50 అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి విమానం మాన్యువల్‌లో సుమారు 410 మీటర్లుంటుంది. ఈ అంకెని హెచ్చించడానికి బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సీఏఏ సూచించే గుణకాలు పొడి గడ్డికి 1.15, తడి గడ్డికి 1.35, ఆపైన భద్రత కోసం 1.43. పొడి గడ్డి మీద 674 మీటర్లు వస్తుంది, మీ 700లో పడుతుంది. తడి గడ్డి మీద 791. అంటే పొద్దున్నే పడిన మంచు ఒక్కటే చాలు, మీ స్ట్రిప్ పొట్టిదైపోతుంది. పొట్టి గడ్డి తడిసి జారుడుగా ఉంటే దూరం 60 శాతం దాకా పెరగొచ్చని కూడా వాళ్లు హెచ్చరిస్తారు. ఎదురు వాలు వల్ల తగ్గే దూరాన్ని లెక్కలో వేసుకోకండి, అది మీ అదృష్టం కింద ఉండనివ్వండి. ఎత్తైన చోట, ఎండలో, ఇవన్నీ ఇంకా పెరుగుతాయి: ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఎక్కువున్న ప్రతి డిగ్రీకీ డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పల్చదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) సుమారు 120 అడుగులు పైకి పోతుంది.

కాబట్టి మంచు ఆరాక దిగండి, మధ్యాహ్నపు వేడీ గాలీ పెరగకముందే లేచిపోండి. ఈ రెంటి మధ్య అందరూ పట్టకపోతే విమానాలు తగ్గించుకోండి.

టెక్నిక్ విషయానికొస్తే, వాలు ఎక్కే రన్‌వే చూస్తే మనం ఎక్కువ ఎత్తులో ఉన్నామనిపిస్తుంది, చేయి తనంతట తానే ముక్కుని దించుతుంది. ముందువాడు కిందుగా వెళ్తే వెనకవాడూ అలాగే పోతాడు. ముందు విమానాన్ని కాదు, మీ వేగాన్నీ మీరు దిగాలనుకున్న చోటునీ చూడండి. తడి గడ్డి మీద బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రం లాక్ అయి జారుతుంది, పట్టు ఉండదు. స్టిక్ పూర్తిగా వెనక్కి పట్టి ముందు చక్రం మీద బరువు తగ్గించండి. బయల్దేరే ముందే వీల్ ఫెయిరింగ్‌లు (చక్రాల మీది తొడుగులు) తీసేయండి, వాటిలో బురదా గడ్డీ కూరుకుంటే చక్రం తిరగదు.

ఎనిమిదింటికీ పార్కింగ్ చోటుందా అన్నది అడుగులేసి కొలిచి చూడాల్సిన విషయం. ఆరే పడితే ఆరే వెళ్లాలి. మిగతావాళ్లు దిగే పక్క ఎయిర్‌ఫీల్డ్‌ని ముందే ప్రోగ్రాంలో రాసి, అక్కడినుంచి తీసుకురావడానికి కారు కూడా పెట్టండి. కారు సిద్ధంగా ఉంటే, గాలి నచ్చని పైలట్ మొహమాటం లేకుండా అటు తిరుగుతాడు.

వాలు మీద నిలిపిన హై-వింగ్ (రెక్కలు పైన ఉండే) విమానంలో, ఏ రెక్క ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే ఫ్యూయల్ సెలెక్టర్‌ని "బోత్"లో (రెండు ట్యాంకులూ) వదిలేస్తే ఇంధనం కింది రెక్కలోకి పారి వెంట్‌లోంచి కారిపోతుంది. లెఫ్ట్‌కో రైట్‌కో తిప్పండి, పార్కింగ్ బ్రేక్‌ని నమ్మకుండా చక్రాలకి అడ్డు పెట్టండి. వచ్చే విమానమూ లేచే విమానమూ ఎదురెదురుగా ఉండే స్ట్రిప్ కాబట్టి చివరివాడు దిగేదాకా ఎవరూ ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. తిరుగు ప్రయాణంలో సగం రన్‌వేకి చేరేసరికి, లేచే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసేయాలి. ఆ సగం ఎక్కడో పైలట్‌కి తెలిసేలా రన్‌వే పక్కన ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతండి, ఎనిమిదిమందీ టేకాఫ్‌కి ముందు నడిచి వెళ్లి దాన్ని చూసి రావాలి.