టెక్ సందేహాలు: ఇంజిన్ టైమింగ్‌ని ఫోన్ కెమెరాతో చూడొచ్చా?

ప్రశ్న: పాత కారు ఇంజిన్‌కి కంప్రెషన్ పెంచి, క్యామ్‌షాఫ్ట్ మార్చాను. టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలన్నది) మాత్రం మాన్యువల్‌లో చెప్పిన 8 డిగ్రీలకే పెట్టాను. ఐడిలింగ్‌లో ఆగిపోతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకా కొడుతోంది. టైమింగ్ లైట్ లేదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి సరిచేసుకోవచ్చా?

జవాబు: కుదరదు. 900 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకు 15 చుట్లు, అంటే 5,400 డిగ్రీలు తిరుగుతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనయినా, ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకి 22 డిగ్రీలు దాటిపోతుంది. మీరు పట్టుకోవాల్సింది ఒకటి రెండు డిగ్రీల తేడా! పైగా స్పార్క్ ఎప్పుడు పడిందో ఫోన్‌కి తెలియదు. టైమింగ్ లైట్ మొదటి సిలిండర్ ప్లగ్ వైరుని పట్టుకుని ఆ క్షణంలోనే మెరుస్తుంది. డిగ్రీలు సెట్ చేసుకునే డయల్ ఉన్నది కొనుక్కోండి.

అసలు చిక్కు ఆ 8 డిగ్రీల దగ్గరుంది. మీ క్యామ్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే రకమైతే, ఐడిలింగ్‌లో కాలిన గ్యాసు కొంత సిలిండర్‌లోనే మిగిలి మంట నెమ్మదిస్తుంది. అందుకని అక్కడ స్పార్క్ ఇంకా ముందే పడాలి. కంప్రెషన్ పెరగడంతో లోడ్ మీద మంట వేగం పుంజుకుంటుంది, అక్కడ స్పార్క్ కాస్త ఆలస్యంగా పడాలి. స్పార్క్‌ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని అటు తిప్పినా ఇటు తిప్పినా ఒక రోగం తగ్గి రెండోది ముదురుతుంది.

కొలవాల్సింది ఐడిలింగ్‌లో కాదు, ఎక్కువ ఆర్‌పీఎంలో. ముందు డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల (స్పార్క్ పుట్టించే స్విచ్చు) గ్యాప్ సరిచేయండి, అది మారితే టైమింగూ మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వాక్యూమ్ డబ్బాకి (తక్కువ లోడ్‌లో స్పార్క్‌ని ముందుకు జరిపేది) వెళ్లే వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసేయండి. లైటు వెలుగులో క్రాంక్ పుల్లీ మీది గుర్తు ఇక కదలకుండా నిలిచేదాకా ఆర్‌పీఎం పెంచండి, చాలా ఇంజిన్లలో ఇది 3,000 దాటాక వస్తుంది. ఆ కాలపు ఇంజిన్లు ఎక్కువగా అక్కడ 32 నుంచి 36 డిగ్రీలు కోరతాయి. మీరు 30తో మొదలుపెట్టండి. ఐడిలింగ్‌లో 14 కావాలంటే, వేగం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు ఇచ్చే అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకు జరపడం) 16కి మించకుండా అడ్డు పెట్టించాలి. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి, దానిమీద అది 8 డిగ్రీలే. ఇక్కడ లెక్క తప్పేవాళ్లే ఎక్కువ. మధ్య ఆర్‌పీఎంలో మాత్రమే కొడుతుంటే ఆ బరువులను పట్టి ఉంచే స్ప్రింగులు గట్టివి వేయండి.

ఇదంతా చేసేముందు పుల్లీ మీది సున్నా గుర్తును నమ్మకండి. పుల్లీ లోపలి రబ్బరు పాతబడితే బయటి రింగు జారిపోతుంది. బ్యాటరీ తీసేసి, మొదటి సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని పైకి చేరకుండా ఆపే కడ్డీ) బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు వైపులా తగిలేదాకా తిప్పండి. తగిలిన రెండు చోట్లా పుల్లీ మీద గీత పెడితే, వాటి సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు.

మరో మాట: ఆ లైటు వెలుగులో తిరిగే ఫ్యానుకూడా ఆగినట్టు కనిపిస్తుంది. చేతులు, చొక్కా అంచులు జాగ్రత్త.

వాక్యూమ్ గొట్టం అన్నిటికన్నా చివర తగిలించండి. అప్పుడు యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి వెళ్తుంటే కొడుతోందా? తప్పు వాక్యూమ్ డబ్బాది, అంతకుముందు పెట్టినవి కదపకండి.