వంటకో రేటు, మిగతా పనికో రేటు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 35 ఏళ్ళు. మూడిళ్ళలో వంట చేస్తాను. పొద్దున్న ఆరున్నరకి ఒక ఇంట్లో టిఫినూ క్యారేజీలూ (నెలకి 5,000), తొమ్మిదిన్నరకి రెండో ఇంట్లో మధ్యాహ్నం వంట (4,500), సాయంత్రం ఐదున్నరకి మూడో ఇంట్లో రాత్రి వంట (4,500). ఆదివారాలు సెలవు. మొత్తం 14,000 వస్తే ఆటోలకి 1,200 పోతాయి. రెండో ఇంటి మేడం గారు మిగతా రెండిళ్ళూ మానేసి, ఎనిమిది నుంచి ఆరు దాకా తమ ఇంట్లోనే ఉండమంటున్నారు. వంట, సరుకులు తేవడం, ఇస్త్రీ, వాళ్ళ అత్తగారిని కనిపెట్టుకుని ఉండడం, అన్నీ కలిపి 16,000 ఇస్తారట. మా ఆయన లోడింగ్ ఆటో నడుపుతారు, ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. ఇద్దరు పిల్లలు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఈ లెక్కకైతే ఒప్పుకోకండమ్మా. అలాగని మేడం గారికి కుదరదని చెప్పేసి రాకండి కూడా. ఆవిడ అడుగుతున్న పనిలో మీకు పనికొచ్చే భాగం ఒకటుంది, దాన్ని విడదీసి బేరం పెట్టాలి.

ముందు గంటల లెక్క చూద్దాం. ఇప్పుడు మీరు రోజుకి ఐదున్నర గంటలు వంట చేస్తున్నారు. ఇంటి నుంచి ఇంటికి తిరగడానికి ఇంకో గంట వేసుకోండి. నెలకి 26 రోజులంటే 169 గంటలు. ఆటో ఖర్చు పోగా చేతికొచ్చేది 12,800. గంటకి సుమారు 76 రూపాయలు పడుతోంది. కొత్త పనిలో రోజుకి పది గంటలు, నెలకి 260 గంటలు. ఆటోకి 400 తీసేస్తే మిగిలేది 15,600, అంటే గంటకి 60. దారిలో పోయే టైము ఇందులో కలపనే లేదు. నెల చివర నోట్లు ఎక్కువ కనిపిస్తాయి, గంట ఖరీదు మాత్రం 16 రూపాయలు పడిపోతుంది.

అయితే నన్ను ఆలోచనలో పడేసింది ఈ 16 రూపాయలు కాదు. వంటకి ఒక వేళ ఉంటుంది. క్యారేజీలు ఎనిమిదిన్నరకి కట్టేయాలి, రాత్రి వంట ఏడున్నరకి దించేయాలి. ఊళ్ళో అందరికీ వంటమనిషి కావాల్సింది ఆ వేళల్లోనే, అందుకే వాటికి ఖరీదు. ఇస్త్రీ పదకొండింటికి చేసినా మూడింటికి చేసినా ఎవరికీ పట్టదు. ఎనిమిది నుంచి ఆరు దాకా ఒకే ఇంట్లో కూర్చుంటే పొద్దుటి ఇల్లూ సాయంత్రం ఇల్లూ రెండూ పోతాయి. ఖరీదైన రెండు వేళలు ఇచ్చేసి, ఖరీదు లేని వేళలో ఇస్త్రీ పెట్టె పట్టుకోవడమే అవుతుంది. వంటకి తోడు ఇంకో పని చేయడం తప్పేం కాదు, మంచిదే. కాకపోతే ఆ పని పదకొండు నుంచి రెండున్నర మధ్యలో పడాలి.

అందుకని మేడం గారితో ఇలా మాట్లాడి చూడండి: "తొమ్మిదిన్నరకే వస్తాను, పదకొండింటికి వెళ్ళిపోకుండా రెండున్నర దాకా ఉంటాను. వంట జీతం వంటదే, 4,500. మిగతా మూడున్నర గంటలకి గంటకి 60." నెలకి 91 గంటలు, 5,460. వంటతో కలిపి 9,960, పదివేలు అనుకోండి. గంటకి 60 అన్న రేటు ఆవిడ నోటి నుంచి వచ్చిందే కాబట్టి కాదనడం కష్టం. మూడిళ్ళూ కలిపి 19,500 అవుతుంది, ఆటో పోగా 18,300. ఇప్పటికంటే 5,500 ఎక్కువ. రెండున్నర నుంచి ఐదు దాకా ఇంట్లో ఉంటారు.

దీనికీ ఓ ఇబ్బంది ఉంది, దాచను. మొత్తం తొమ్మిది గంటల పని, అందులో ఎక్కువ సేపు కాళ్ళ మీదే. ముందు ఒక నెల చేసి చూస్తానని చెప్పండి. ఒళ్ళు సహకరించకపోతే ఇస్త్రీ వదిలేయండి, రెండున్నర కాస్తా ఒంటిగంటన్నర అవుతుంది. ఆవిడ ఇస్త్రీ వీధి చివర బండి దగ్గర చేయించుకోవచ్చు, వంట అలా బయట చేయించుకోలేరు కదా.

మూడిళ్ళు వదలొద్దనడానికి ఇంకో కారణం మీ ఊరే. జేకేపూర్ కాగితం మిల్లు, కాశీపూర్ వైపు అల్యూమినా ఫ్యాక్టరీ, రైల్వే: రాయగడలో నెలజీతాల ఇళ్ళు చాలావరకు వీటి మీదే ఆధారపడ్డవి. బదిలీ కాగితం వచ్చిందంటే ఇల్లు ఖాళీ అయిపోతుంది. మేడం గారి ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఆవిడ ఆసుపత్రిలో చేరినా, కూతురింటికి వెళ్ళినా మీ పని సగం మాయం. ఒక్కింటినే నమ్ముకుంటే ఆ నెల ఆదాయం సున్నా. మూడిళ్ళుంటే ఎంత పోయినా సగం నిలుస్తుంది. పైగా రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉద్యోగులు వచ్చేకొద్దీ వంటమనిషి కోసం వెతికేవాళ్ళు పెరుగుతారనే నా అంచనా. మీకు దాల్మా, సంతులా లాంటి ఒడియా వంటలు కూడా వచ్చి ఉంటే గిరాకీ తెలుగిళ్ళతో ఆగదు.

పెద్దావిడని "కనిపెట్టుకుని ఉండడం" అన్నారు. ఆ మాటలో ఎంత పనైనా పట్టేస్తుంది. ఏమేం చేస్తారో ముందే తేల్చుకోండి. అన్నం పెట్టడం, ఇంట్లోవాళ్ళు పూటపూటకీ విడిగా సర్ది ఇచ్చిన మాత్రలు అందించడం, పడిపోతే వెంటనే ఫోన్ చేయడం, ఇంతవరకు మీది. స్నానం చేయించడం, మలమూత్రాలు ఎత్తడం, ఇంజెక్షన్లు ఇవ్వడం ఆయా పనీ నర్సు పనీ. వాటికి జీతం వేరు, నేర్చుకోవాల్సిందీ వేరు. ఆ చేతులతోనే సాయంత్రం ఇంకో ఇంట్లో పిండి కలపాలి. శుభ్రం మాట అలా ఉంచి, ఈ సంగతి మూడో ఇంటికి తెలిస్తే అక్కడి పని ఉంటుందో ఉండదో మీకే తెలుసు. ఏ ఇంట్లోనైనా ముందు వంట, తరవాత మిగతా పని, ఈ వరస తప్పకండి.

సరుకుల సంగతికొస్తే, మీ డబ్బు పెట్టి కొనొద్దు. చాలామంది ఇక్కడే నష్టపోతారు. పొద్దున్న సంతలో 340 పెట్టి కూరలు తెస్తారు, "రేపిస్తాలే" అంటారు, మూడోరోజుకి 300 చేతిలో పెడతారు, మిగతా 40 అడగడానికి మొహమాటం. నెలకి అలాంటివి పది జరిగితే 400 గల్లంతు. ఒకటో తేదీన 2,000 ముందుగా తీసుకోండి, అది విడిగా ఒక చిన్న పర్సులో పెట్టండి. చిన్న నోటుబుక్కు ఒకటి వాళ్ళ వంటింట్లోనే ఉంచి తేదీ, వస్తువు, ధర రాసి, ప్రతి శనివారం మేడం గారితో సంతకం పెట్టించుకోండి. అనుమానం వస్తే ముందు పోయేది వంటపనే, కాబట్టి ఈ పుస్తకం మీ రక్షణకే.

నలుగురికి కుదుర్చుకున్న వంట రథయాత్రకో దసరాకో చుట్టాలొస్తే తొమ్మిది మందికి అవుతుంది. మనిషికి పూటకి ఇంత అని ముందే చెప్పుకోండి. ఒడియా ఇళ్ళలో కార్తీకమంతా ఉల్లీ వెల్లుల్లీ లేని వంట అడుగుతారు, అది మాత్రం జీతంలోదే, దానికి విడిగా అడిగితే బాగోదు.

ఎండాకాలంలో ఆవకాయ పెట్టమంటారు. వాళ్ళింట్లో, వాళ్ళ కాయలతో, వాళ్ళ నూనెతో పెట్టి ఇంత కూలి అని తీసుకోవడం మీకు మేలు. అదే మీ ఇంట్లో చేసి సీసాలు అమ్మడం మొదలుపెడితే అది ఆహార వ్యాపారం, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు కావాలి. ఇంటి అవసరానికిచ్చే 14.2 కిలోల సిలిండర్ మీద వ్యాపారం చేయకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలి. ఇప్పుడే ఆ ఖర్చులోకి దిగకండి.

పన్ను గురించి భయం అక్కర్లేదు. 19,500 చొప్పున ఏడాదికి 2,34,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు, సేవలకి జీఎస్టీ నమోదు 20 లక్షల టర్నోవరు దాటాకే. జీతాలు మాత్రం యూపీఐలో మీ సొంత ఖాతాలోకే వేయించుకోండి. రేపు చిన్న వ్యాపారానికి ముద్ర లోను అడిగినా, పిల్లల చదువుకి అప్పు అడిగినా ఆ పాస్‌బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇక పెరిగే 5,500. ఇందులో 2,500 బ్యాంకులో ఏడాది ఆర్.డి.కి (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. పోస్టాఫీసు ఆర్.డి. మంచిదే కానీ ఐదేళ్ళది, మీ ఆయన బండి మూలపడిన నెలలో అక్కరకి రాదు. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బు మీకు వస్తున్నట్టయితే, రాఖీ పున్నమికీ మార్చి 8కీ పడే ఐదేసి వేలు కూడా దీని పక్కనే ఉంచండి. ఏడాది తిరిగేసరికి 40,000 అవుతుంది, మూడు నెలలు ఇల్లు గడవడానికి ఆసరా.

902 రూపాయలు అటల్ పెన్షన్ యోజనకి. 35 ఏళ్ళకి చేరితే ఆ కంతుతో అరవై దాటాక నెలకి 5,000 వస్తుంది. 40 ఏళ్ళకి చేరేవాళ్ళకి అదే పెన్షన్‌కి కంతు 1,454, ఆ తరవాత చేరనివ్వరు, కాబట్టి వాయిదా వేయకండి. మీ పేరు మీదే తీసుకోండి. మిగిలిన రెండువేల చిల్లర ఇంటికి వాడుకోండి, అన్నీ దాచుకోమని చెప్పను.

ఆయుష్మాన్ కార్డు లేకపోతే చేయించుకోండి. ఒడిశాలో రాష్ట్ర ప్రభుత్వ గోపబంధు ఆరోగ్య పథకంతో కలిపి కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షల దాకా వైద్యం ఉంది. మీ వైపు నుంచి పెద్ద జబ్బు అంటే రైలెక్కి విశాఖ వెళ్ళిపోతారు. వెళ్ళేముందు ఆ ఆసుపత్రి మీ కార్డు తీసుకుంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టడానికి బ్యాంకుకి ఎలాగూ వెళ్తారు కదా, అదే రోజు ఇంకో రెండు ఫారాలు అడగండి. ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా ప్రమాదానికి 2 లక్షలు, 436 రూపాయల జీవన్ జ్యోతి ప్రాణానికి 2 లక్షలు. రోజంతా బండి మీద ఉండే మీ ఆయన పేరు మీద కూడా ఈ రెండూ కట్టండి. రెండూ మే నెలాఖరులో ఖాతాలోంచి వాటంతటవే కట్ అవుతాయి. అప్పటికి ఒక్కో ఖాతాలో 500 తగ్గకుండా చూసుకోండి.