ఆ పది నిమిషాల వీడియో సంగతి

పాపాయ్,

గవర్నర్‌పేటలో నీ స్టూడియోకి ఏదో కంపెనీ పబ్లిక్ ఇష్యూ (జనానికి షేర్లు అమ్మడం) వీడియో పని వచ్చిందని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. గర్వంగా అనిపించింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. పెళ్లి వీడియో అయితే ఇంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

రూల్స్ ఆ ఇష్యూ నడిపించే మర్చంట్ బ్యాంకర్ చెప్తాడులే. 2024 మేలో షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ ఈ వీడియోల గురించి సర్క్యులర్ ఇచ్చింది, అక్టోబర్ 1 నుంచి మెయిన్ బోర్డ్ (పెద్ద కంపెనీల) ఇష్యూలకి వీడియో తప్పనిసరి. ఇంగ్లిష్‌లో ఒకటి, హిందీలో ఒకటి, ఒక్కోటి సుమారు 10 నిమిషాలు. కంపెనీ తన వివరాలన్నీ రాసిచ్చే ఆఫర్ డాక్యుమెంట్‌లో లేని ముక్క ఉండకూడదు, పొగడ్తలు ఉండకూడదు. (తెలుగు ఎందుకు లేదని నాకు కోపం, అది వేరే గొడవ.)

1994లో గుంటూరు బ్రాడీపేటలో షేర్ల ఫారాలు పంచేవాణ్ణి, ఫారం మీద నా ముద్ర ఉంటే కమీషన్. ఓ రొయ్యల చెరువుల కంపెనీ వీడియో క్యాసెట్ పంపింది. టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి మేడ మీద చాపలు పరిచి వేశాను. తెల్లవారుజామున చెరువులు, నీళ్లు చిమ్ముతూ ఏరేటర్లు, వెనక సన్నాయి. ఆ చెరువులు వాళ్లవి కావు. భూమి లీజు ఇంకా రిజిస్టర్ కాలేదని ప్రాస్పెక్టస్ అనే ఆ ఆఫర్ డాక్యుమెంట్‌లో చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదివాను కూడా, ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. మిర్చి యార్డు గుమాస్తా ఒకాయన కూతురి పెళ్లికి దాచిన 25 వేలు పెట్టాడు. రెండేళ్లకి కంపెనీ అడ్రస్ లేదు. ఆయన తిట్టలేదు, "చెరువులు కళ్లారా చూశాం కదండీ" అన్నాడంతే. తర్వాత అరండల్‌పేటలో ఆయన ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి.

అందుకే ఆ సర్క్యులర్‌లో నాకు నచ్చింది, ఉన్న టైమ్‌ని రిస్కులు, కోర్టు కేసులు, డబ్బు దేనికి వాడతారు, అన్నిటికీ సమానంగా పంచమనడం. కానీ కేసుల దగ్గర గొంతు గబగబా పరిగెత్తి, ఫ్యాక్టరీ మీద డ్రోన్ తీరిగ్గా తిరిగితే నిమిషాలు సరిపోయినా మోసం మోసమే. నీకు డ్రోన్ పిచ్చి. మీ అక్క పెళ్లిలో కృష్ణ ఒడ్డున తిప్పీ తిప్పీ మాంగల్యధారణే వదిలేశావు!

ప్రతి షాట్ పక్కనా డాక్యుమెంట్ పేజీ నంబర్ రాసుకో, రాయలేనిది కోసెయ్. అయ్యాక సౌండ్ తీసేసి ఒకసారి చూడు, బొమ్మ మూసేసి ఒకసారి విను.

కంపెనీ పేరు నాకు చెప్పకు, ఇష్యూ బయటికి రాకముందు మీ నాన్నకి చెప్పి ఉంటే అదీ తప్పే, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం రా తల్లీ, మీ పెద్దమ్మ గోంగూర నూరుతానంటోంది. లాప్‌టాప్ మాత్రం ఇంట్లోనే పెట్టి రా.

మీ పెదనాన్న