ఫస్టియర్ అయిపోయింది, నీరసం మాత్రం వదలడం లేదు!

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ బీటెక్ మొదటి సంవత్సరం ఈమధ్యే పూర్తి చేశాను. చేరినప్పుడు 50 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 45. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దువ్వెన నిండా జుట్టు ఊడుతోంది. క్లాసులో కునికిపాట్లు పడతాను గానీ రాత్రి రెండు దాటితే తప్ప నిద్ర పట్టదు. టిఫిన్ తినడం దాదాపు మానేశాను. కడుపులో మంటకు రోజూ పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. పీరియడ్స్ 8 రోజులు ఉంటాయి. సెలవులకు ఇంటికొచ్చి రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.4, ఎంసీవీ 70 వచ్చాయి. హాస్టల్ తిండి, ఫోన్ వల్లే ఇలా అయ్యానని ఇంట్లో అంటున్నారు. చదువు మీద ఏడాదంతా ధ్యాసే లేదు. నాది బద్ధకమేమో అనిపిస్తోంది. సెకండియర్‌కు వెళ్లాలా, ఏడాది ఆగాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీది బద్ధకం కాదు, రక్తహీనత. మహిళల్లో హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. 8 నుంచి 10.9 మధ్య ఉంటే అది మధ్యస్థాయి. మెట్లెక్కితే ఆయాసం, చదివింది బుర్రకెక్కకపోవడం, పగటి మగత... ఇవన్నీ ఆ 9.4తోనే రావచ్చు. ఎంసీవీ అంటే ఎర్రరక్తకణం సగటు పరిమాణం. అది 80కి పైన ఉండాలి. 70కి పడిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ఇనుము లోపాన్నే.

ఇంట్లోవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. కానీ హాస్టల్ తిండి ఒక్కటే పది నెలల్లో ఇంత పని చేయదు. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన 8 రోజుల పీరియడ్స్ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే ఎక్కువ కిందే లెక్క. అంత రక్తంతో పాటు దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మామూలు భోజనం నుంచి పేగులు పీల్చుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందులో ఒక మిల్లీగ్రాము దాకా రోజువారీ నష్టాలకే సరిపోతుంది. అంటే మీ నిల్వలు ఇంటర్ నాటి నుంచే కరుగుతూ వచ్చి ఉండాలి. ఫస్టియర్‌లో టిఫిన్ మానేయడంతో ఆ లోటు బయటపడింది.

పాంటాప్రజోల్ కూడా ఇందులో ఒక చెయ్యి వేసింది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. దాన్ని మాత్రతో రోజూ అణిచేస్తే తిన్నది కూడా సరిగా పట్టదు. రాత్రి 11కి తిని వెంటనే పడుకోవడం, పొద్దున్న ఖాళీ కడుపుతో టీ తాగడం లాంటివి ఉంటే మంట అక్కడి నుంచే వస్తుంది. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు ముగించండి. రెండు వారాలైనా మంట తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి. ఏళ్ల తరబడి సొంతంగా వాడే మందు కాదది. నెలసరి నొప్పికి మెఫనమిక్ యాసిడ్ లాంటివి వాడుతుంటే ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

ఇనుము మాత్రలు మొదలుపెట్టే ముందు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే సీరం ఫెరిటిన్ పరీక్ష చేయించండి. 15 కన్నా తక్కువ వస్తే ఇనుము లోపం ఖాయం. 30 లోపున్నా చికిత్స చేస్తాం. జ్వరం ఉన్నప్పుడు ఈ అంకె పెరిగిపోయి తప్పుదోవ పట్టిస్తుంది, కాబట్టి ఒంట్లో బాగున్న రోజే రక్తం ఇవ్వండి. ఫెరిటిన్ మామూలుగా ఉండి ఎంసీవీ మాత్రమే తక్కువుంటే అది తలసీమియా ట్రెయిట్ కావచ్చు. అది పుట్టుకతో వచ్చేది, ఇనుము మాత్రలతో మారదు. దాన్ని తేల్చే పరీక్ష హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ. ఏడాదిలో 5 కిలోలు, అంటే పదో వంతు బరువు తగ్గారు. తిండి తగ్గడమే కారణమనిపించినా థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ పరీక్ష, పరగడుపు షుగర్ చూసి తీరాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే టీఎస్‌హెచ్‌కు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, లేకపోతే రిపోర్టు తప్పుగా వస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు గానీ, సాయంత్రం పూట జ్వరం గానీ ఉంటే టీబీ పరీక్ష కూడా అవసరం.

ఇనుము లోపమని తేలాక డాక్టర్ సాధారణంగా 60 నుంచి 100 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (మాత్రలో ఉండే అసలు ఇనుము) ఉన్న మాత్ర రాస్తారు. రోజుకు ఒకటి, పడకపోతే రోజు విడిచి రోజు. పూటకొకటి వేసుకుంటే త్వరగా ఎక్కుతుందనుకోవద్దు. ఒక మోతాదు వేసుకున్నాక దాదాపు ఒక రోజు పాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు తర్వాతి మోతాదును సరిగా పీల్చుకోవు. ఎక్కువ మాత్రలతో మిగిలేది వికారం, మలబద్ధకమే. భోజనానికి గంట ముందు నిమ్మనీళ్లతో వేసుకోండి. వికారంగా ఉంటే కొంచెం తిన్నాక వేసుకున్నా ఫర్వాలేదు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రలు అందనంత ఎత్తున పెట్టండి, ఇనుము మాత్రలు ఎక్కువగా మింగితే పసివాళ్ల ప్రాణానికే ముప్పు. ఆరు నెలలుగా నులిపురుగుల మందు వేసుకోకపోతే ఆల్బెండజోల్ 400 ఒక్క మోతాదు గురించి డాక్టర్‌ను అడగండి.

నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే మాత్రలు మధ్యమధ్య మానేస్తున్నారని, లేదా టీతో మింగుతున్నారని, లేదా రక్తం ఇంకా పోతోందని ముందుగా అనుమానించాలి. చాలామంది 12 దాటగానే ఆపేసి ఆరు నెలలకు మళ్లీ మొదటికొస్తారు. అంకె సరైన తర్వాత నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు వాడాలి.

గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండుతున్నా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తున్నా, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా ఈ సెలవుల్లోనే గైనకాలజిస్టును కలవండి. చిన్నప్పటి నుంచి ముక్కులో రక్తం కారడం, పన్ను పీకించుకుంటే రక్తం ఆగకపోవడం ఉంటే అదీ చెప్పండి. రక్తం గడ్డకట్టడంలో లోపాలు ఇలాగే బయటపడతాయి. రక్తస్రావం తగ్గించే మందులున్నాయి. పెళ్లికాని అమ్మాయి గైనకాలజిస్టు దగ్గరికెందుకని ఇంట్లో ఎవరైనా అంటే, మీ రిపోర్టు చూపించండి.

తిండి విషయంలో మెస్‌ను మార్చలేరు గానీ కంచాన్ని మార్చుకోవచ్చు. పప్పు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, భోజనంతో జామకాయ గానీ ఉసిరి గానీ తినండి. విటమిన్ సి తోడైతే శాకాహారంలోని ఇనుము బాగా పడుతుంది. టీ భోజనమయ్యాక గంట ఆగి తాగండి. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు వేయించిన శనగలు లేదా పల్లీచిక్కీ, రెండు అరటిపళ్లు గదిలో ఉంటే టిఫిన్ తప్పిన రోజు కూడా గడుస్తుంది. పూర్తి శాకాహారులైతే బీ12 కూడా చూపించుకోండి. జుట్టు ఊడటం ఒంట్లో లోటు వచ్చిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది, లోటు తీరాక తగ్గడానికి ఆరు నెలల దాకా పడుతుంది. ఈలోగా నూనెలు, సీరమ్‌ల మీద డబ్బు పోయకండి.

ఇక నిద్ర. ఇంటర్‌లో స్టడీ అవర్స్ బెల్లు పొద్దున్నే లేపేది, రాత్రి లైట్లు ఆర్పేది. బీటెక్‌లో ఆ బెల్లు లేదు. పైగా ఈ వయసులో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా తిరుగుతుంది. పదింటికే పడుకోవాలని మంచమెక్కితే నిద్ర రాదు, చిరాకు వస్తుంది. ముందు లేచే సమయాన్ని కట్టుదిట్టం చేయండి. సెలవుల్లోనూ, ఆదివారమూ ఏడింటికి లేచి అరగంట ఎండ తగిలేలా నడవండి. పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. టీ కాఫీలు సాయంత్రం నాలుగు తర్వాత వద్దు, కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది. పగటి కునుకు 20 నిమిషాలు మించకూడదు.

ఏడాది ఆగాల్సిన జబ్బేమీ మీ రిపోర్టులో లేదు. చికిత్స ఇప్పుడే మొదలుపెడితే కాలేజీ తెరిచేనాటికి తేడా మీకే తెలుస్తుంది. అయితే ఒక్క విషయం. ధ్యాస లేకపోవడంతో పాటు దేని మీదా ఇష్టం లేకపోవడం, ఏడుపు రావడం, బతకడం దండగనిపించడం రెండు వారాలకు మించి ఉంటే దాన్ని రక్తహీనత ఖాతాలో వేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రలతో కాలం గడపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.