రక్‌మన్‌గా కెరీర్: పొడుగు ఉంటే సరిపోతుందా, ఇంకేం కావాలి?

మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో ఉంటున్నామని, అబ్బాయికి 16 ఏళ్లని, 196 సెంటీమీటర్ల ఎత్తని, బాస్కెట్‌బాల్ వదిలి ఫుటీకి (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) వస్తే కోచ్ రక్‌లో, అంటే అంపైర్ పైకి వేసిన బంతిని ఎగిరి తన జట్టువాళ్లకి కొట్టే స్థానంలో, పెట్టాడని రాశారు. ఇది జీవనాధారం అయ్యే ఆటేనా, అవ్వాలంటే ఇప్పటినుంచి ఏం చెయ్యాలి అన్నది మీ ప్రశ్న. జూనియర్ రక్‌లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి ఆ అనుభవంతోనే చెప్తాను.

ముందు ఉద్యోగాల లెక్క చూడండి. ఏఎఫ్ఎల్‌లో, అంటే ఈ ఆటకి ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పెద్ద లీగ్‌లో, 18 క్లబ్బులున్నాయి. మిడ్‌ఫీల్డ్‌లో ఒక్కో జట్టుకి ఆరేడుగురు మారుతూ ఆడతారు. మెయిన్ రక్ మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కడే. అంటే ఒక సీజన్‌లో ఈ పనికి ఉన్న అసలు కుర్చీలు 18. 2028లో టాస్మేనియా జట్టు వస్తే మరొకటి పెరుగుతుంది. పైగా ఆ కుర్చీలో కూర్చున్నవాడు 30 దాటినా లేవడు. వెనకున్న కుర్రాడు రిజర్వ్స్‌లో (క్లబ్ రెండో జట్టు) ఆడుతూ మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే. ఈ కెరీర్ ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగుస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి.

మాక్స్ గాన్‌నే తీసుకోండి. 2009 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమం) మెల్‌బోర్న్ క్లబ్ అతన్ని 34వ ఎంపికగా తీసుకుంది. మొదటి మ్యాచ్ 2011లో ఆడాడు. మధ్యలో మోకాలు దెబ్బతింది. ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో (ఆ ఏటి మేటి ఆటగాళ్ల జట్టు) మొదటిసారి చోటు దక్కింది 2016లో. 2021లో కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచాడు. టాడ్ గోల్డ్‌స్టీన్‌ది 2006లో 37వ ఎంపిక, 300 మ్యాచ్‌లు దాటాడు. ఆరన్ శాండిలాండ్స్, డీన్ కాక్స్ అసలు రూకీ లిస్టు (మెయిన్ జట్టు జాబితాకి బయట ఉంచుకునే కొత్తవాళ్లు) నుంచి వచ్చినవాళ్లే. నిక్ నైటనూయి లాగా రెండో ఎంపికగా వెళ్లే రక్‌లు అరుదు. 18 ఏళ్లకే ఎవరూ పట్టించుకోలేదని వదిలేస్తే ఈ పేర్లలో సగం ఉండేవి కావు.

ఎత్తు గురించి. గాన్ 209, శాండిలాండ్స్ 211. కానీ ల్యూక్ జాక్సన్ 199 మాత్రమే, అతనూ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాడే. 2019 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా వెళ్లాడు, 2021 ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నాడు. మీవాడు 196 దగ్గరే ఆగిపోయినా దారి మూసుకుపోదు. అయితే అప్పుడు గోల్ ముందు ఆడే ఫార్వర్డ్‌గా మార్కులు (తన్నిన బంతిని గాల్లోనే పట్టుకోవడం) పట్టడం తప్పనిసరి. ఎంత పొడుగున్నా రెండో పొజిషన్ నేర్చుకోమనే నా సలహా. 2023లో మెల్‌బోర్న్ గాన్‌నీ బ్రోడీ గ్రండీనీ ఒకే జట్టులో ఆడించి చూసింది. ఇద్దరూ అచ్చమైన రక్‌లే. ఫార్వర్డ్‌లో గ్రండీ ఇమడలేదు, రిజర్వ్స్‌కి వెళ్లాడు, ఏడాది తిరక్కుండా సిడ్నీకి మారాడు. రెండుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ అయినవాడికే ఆ పరిస్థితి వచ్చింది.

ఇక అసలు పని, ట్యాప్, అంటే పైకి వేసిన బంతిని చేత్తో మనవాళ్లకి అందేలా కొట్టడం. కుడిచేత్తో కొట్టేవాడు ఎడమకాలి మీద నుంచి లేవాలి, కుడి మోకాలు పైకి రావాలి. బాస్కెట్‌బాల్ పిల్లలు రెండు కాళ్ల మీదా లేస్తారు, రీబౌండ్ అలవాటు అది. అలా లేస్తే ఎదుటివాడి మోకాలు సూటిగా పొట్టలోకో తొడలోకో దిగుతుంది, అందుబాటు కూడా తగ్గుతుంది. పరుగు మూడు నాలుగు అడుగులు చాలు, చివరి అడుగు పొడుగ్గా, బలంగా పడాలి. చూపు బంతి మీదే ఉండాలి. ఎదుటివాణ్ని చూస్తే అతని లయలో లేస్తారు, ఆలస్యమైపోతుంది. ముందే లేవడం ఇంకో తప్పు. అప్పుడు బంతి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కిందికి దిగుతూ ఉంటుంది. బంతిని తన ఎగురులో అత్యంత ఎత్తు దగ్గర, చెయ్యి పూర్తిగా చాచి, వేళ్ల మొదళ్లతో తాకాలి. పిడికిలితో గుద్దడం ప్రమాదం దాటించడానికే. దిశకి గడియారం అంకెలు వాడతారు. మనం కొట్టాల్సిన గోల్ వైపు పన్నెండు అనుకుంటే, "నాలుగు" అనగానే మిడ్‌ఫీల్డర్ అక్కడికి పరిగెడుతూ ఉండాలి, బంతి అతని ముందు పడాలి. హిట్‌అవుట్‌ల (గెలిచిన ట్యాప్‌ల) సంఖ్య చూసి మురిసిపోకండి. 30 కొట్టి అందులో సగం ఎదుటి జట్టు చేతుల్లో పెడితే కోచ్‌కి ఉపయోగం లేదు.

బౌండరీ థ్రో-ఇన్ వేరే విద్య. అంపైర్ వెనక్కి తిరిగి తలమీదుగా విసురుతాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి ఆ చోటు ఆక్రమించాలి, తుంటి అడ్డుపెట్టి తరవాత లేవాలి. ఎదుటివాణ్ని చేత్తో పట్టుకున్నా, బంతి వైపు పోకుండా ఊరికే అడ్డు నిలబడినా వాళ్లకి ఫ్రీ కిక్. తక్కువ ఎత్తున్నవాళ్లు గెలిచేది ఇక్కడే. ట్యాప్ అయ్యాక మొదటి ఐదడుగులు మరీ ముఖ్యం. నేలమీద పడ్డ బంతి కోసం వంగి వెళ్లే రక్ జట్టుకి నాలుగో మిడ్‌ఫీల్డర్ అవుతాడు. చూస్తూ నిలబడేవాడు ఎంత పొడుగున్నా బరువే.

రూల్స్ ఎప్పటికప్పుడు ఈ పనిని మార్చేస్తుంటాయి. దూరం నుంచి పరిగెత్తి ఢీకొనడం వల్ల మోకాలి వెనక లిగమెంట్, పీసీఎల్, తెగుతోందని 2005లో 10 మీటర్ల సెంటర్ సర్కిల్ తెచ్చారు. 2017లో ఇద్దరు రక్‌ల మధ్యకి మూడోవాడు వచ్చి ఎగరడం నిషేధించారు. 2026 నుంచి సెంటర్ బౌన్స్ (బంతిని నేలకి కొట్టి పైకి లేపడం) పోయి అంపైర్ బంతిని చేత్తో పైకి వేస్తున్నాడు, మధ్య గీత దాటి ముందే మీద పడడమూ కుదరదు. బరువుతో నెట్టేవాళ్లకంటే బాగా ఎగిరేవాళ్లకి ఇది మేలు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన మీవాడికి మంచి కాలమే.

శరీరం విషయంలో తొందర వద్దు. ఈ వయసులో ఎముక ముందు పెరుగుతుంది, కండ వెనకబడుతుంది. మోకాలిచిప్ప కింద నొప్పి, పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, నడుం నొప్పి, ఈ మూడే పొడుగు పిల్లల్ని ఎక్కువగా ఆపేస్తాయి. బాస్కెట్‌బాల్, ఫుటీ, స్కూల్ స్పోర్ట్ కలిపి వారంలో ఎన్ని ఎగుళ్లో ఒక్కచోట రాసి పెట్టండి. ఏ కోచ్‌కీ మిగతా ఇద్దరు ఏం చేయిస్తున్నారో తెలియదు. నిజమైన ఢీతో చేసే రక్ సాధన వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 12 నుంచి 15 ఎగుళ్లు చాలు. మిగతాది బంతి పైకి వేసి ఒంటరిగా చేయొచ్చు. స్క్వాట్, ఒంటికాలి మీద దిగడం, పిక్క బలం, వీటికి సమయం పెట్టండి. బరువు ఏడాదికి మూడు నాలుగు కిలోలు పెరిగితే చాలు, ప్రొఫెషనల్స్ 100 దాటేది ఇరవైల్లోనే. మెత్తటి షిన్ గార్డులు కొనండి, ముంగాలి దెబ్బలు తగ్గుతాయి.

డబ్బు సంగతి. లీగ్, ఆటగాళ్ల సంఘం 2023లో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2027 నాటికి ఏఎఫ్ఎల్ ఆటగాడి సగటు జీతం ఏడాదికి 5,19,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. అది సగటు మాత్రమే. డ్రాఫ్ట్‌లో దిగువన వెళ్లిన కుర్రాడికి ఇంతకంటే చాలా తక్కువ, అదీ రెండేళ్ల ఒప్పందం. రక్ పండేది 24, 25 ఏళ్లకి, ఒప్పందం తీరేది 20కి. ఈ ఎడం దాటించేది ఏమిటంటే రెండో పొజిషన్, గాయాలు లేని ఒళ్లు, ఓపికున్న క్లబ్. అందుకే టాఫే (ప్రభుత్వ వృత్తివిద్యా కాలేజీ) కోర్సో యూనివర్సిటీ చదువో పక్కన నడుస్తూనే ఉండాలి, క్లబ్బులు కూడా దానికి వీలు కల్పిస్తాయి.

మీ ప్రాంతంలో దారి ఇది: స్థానిక క్లబ్, ఆ తరవాత అండర్-18 కోట్స్ టాలెంట్ లీగ్‌లో వెస్టర్న్ జెట్స్, బాగా ఆడితే విక్ మెట్రో (మెల్‌బోర్న్ ప్రాంతపు జూనియర్ జట్టు) తరఫున జాతీయ పోటీలు, అక్కణ్నుంచి కంబైన్, అంటే డ్రాఫ్ట్ ముందు జరిగే శారీరక పరీక్షలు. అక్కడ 20 మీటర్ల పరుగు, నిలబడి, పరిగెత్తి ఎగిరే పరీక్షలు, 2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. రక్‌లు తడబడేది చివరిదాంట్లోనే, కాబట్టి ఓర్పు ఇప్పుడే పెంచండి.

మన కుటుంబాలు తరచూ వదిలేసేది ఒకటుంది, నెక్స్ట్ జనరేషన్ అకాడమీ. ఆసియా దేశాల్లో పుట్టిన తల్లిదండ్రుల పిల్లల్ని ఏఎఫ్ఎల్ క్లబ్బులు తమ ప్రాంతాల్లో ఈ పథకం కింద తీర్చిదిద్దుతాయి. డ్రాఫ్ట్‌లో ఇంకో క్లబ్ ఆ పిల్లాణ్ని కోరితే, అకాడమీ క్లబ్ తన డ్రాఫ్ట్ పాయింట్లు (ఎంపికలకి కట్టిన విలువ) పెట్టి అతన్ని తనే తీసుకునే వీలుంటుంది. మీ చిరునామా ఏ క్లబ్ పరిధిలోకి వస్తుందో, మీవాడు అర్హుడో కాదో జెట్స్ టాలెంట్ మేనేజర్‌కి ఈమెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. 17వ ఏడు వచ్చేలోపు ఈ పని అయిపోవాలి.