ఎత్తుపల్లాల రూటులో కాళ్లు ముందే అలసిపోతుంటే

చదును రోడ్డు మీద 60 కిలోమీటర్లు హాయిగా సైకిల్ తొక్కుతున్నానని, గుట్టలూ పొలాల మధ్య రూటులో మాత్రం 40 దాటేసరికి కాళ్లు పట్టేస్తున్నాయని రాశారు. చదునులో అంత తొక్కగలుగుతున్నారంటే మీ ఫిట్‌నెస్ గురించి టెన్షన్ పడక్కర్లేదండి. నా అనుమానమంతా రూటు మీద, మీరు గుట్ట ఎక్కే తీరు మీద.

మ్యాప్‌లో దూరంతో పాటు మొత్తం ఎక్కే ఎత్తు చూడండి. 40 కిలోమీటర్లలో 600 మీటర్లు ఎక్కాలంటే కిలోమీటరుకు సగటున 15 మీటర్లు. అది తక్కువేమీ కాదు. సగటును కూడా పూర్తిగా నమ్మకండి, చిన్న గుట్టలోనే ఒక ముక్క 10 శాతం వాలు (వంద మీటర్లకు 10 మీటర్ల ఎక్కుడు) ఉండొచ్చు. ఎలివేషన్ గ్రాఫ్‌ను, అంటే దారిలో ఎత్తు ఎక్కడ ఎంత మారుతుందో చూపే గీతను, దగ్గరగా చూస్తే అది బయటపడుతుంది.

చాలామంది ఎక్కుడు కనబడగానే బలంగా తొక్కేస్తారు, పైకి చేరి ఒక్కసారిగా వదిలేస్తారు. దానికి బదులు దిగుడులోనే కాస్త తొక్కి, ఆ ఊపుతో తర్వాతి ఎక్కుడులోకి వెళ్లండి. ఊపు పోకముందే తేలిక గేరుకు మారండి. పెడల్ బరువెక్కాక మారిస్తే అప్పటికే ఆలస్యం.

ఇక గాలి. బయలు పొలాల్లో దానికి అడ్డే ఉండదు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా లూప్ (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే రూటు) దిశ మార్చండి. నేనైతే ముందు ఈ ఒక్క మార్పే చేసి చూడమంటాను.

కోతల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీద మట్టి వదులుతాయి, దిగుడులో మలుపు రాకముందే వేగం తగ్గించండి.